ముయ్యొద్దన్న కిటికీ

మా గదికి ఉన్నది ఒకటే కిటికీ. తెరిస్తే సర్వీసు రోడ్డు దుమ్ము, మూస్తే ఉక్కపోత. తెరిచినా మూసినా విమానాల మోత మాత్రం తప్పదు. తొండుపల్లిలో తారాబాయి ఇంటి కింది వాటాలో ఆ ఒక్క గదిలోనే మేం ముగ్గురం కిరాయికి ఉంటాం. నేను, నా బిడ్డ శోభ, శోభ బిడ్డ శ్రీలత. శోభ ఎయిర్‌పోర్టులో నేలలు తుడిచే పనికి పోతుంది, వారానికొక షిఫ్టు. శ్రీలత డిగ్రీ అయ్యాక శంషాబాద్ బస్టాండు దగ్గర జిరాక్సు షాపులో కుదిరింది, మధ్యాహ్నం రెండింటి దాకా పని. నేను సాయంత్రం నాలుగింటికి రోడ్డు పక్కన కుంపటి పెట్టుకొని మక్కకంకులు కాలుస్తాను. ఈ కిటికీ సంగతి ముందే ఎందుకు ఎత్తుకున్నానంటే, మొన్న శ్రావణంలో మా శ్రీలత ఉద్యోగం ఆ కిటికీలోనే ఇరుక్కుంది. ఇరికించింది ఎవరో కాదు, ఈరమ్మనైన నేనే.

జరిగింది జరిగినట్టు వరుసగా చెబుతాను. వరుస తప్పితే నాకు ఏదీ గుర్తుకు రాదు. వరుసలో అడిగితే నా పెళ్లిలో పంక్తికి ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో కూడా చెబుతాను.

శంషాబాద్ అవతల ఒక కంపెనీ ఉంది. హాళ్ల నిండా కంప్యూటర్లు పెట్టుకొని, అవి ఆగిపోకుండా, వేడెక్కకుండా చూసుకోవడమే ఆ కంపెనీ పని. అక్కడ పని నేర్పి ఉద్యోగంలోకి తీసుకుంటారని తెలిసి శ్రీలత దరఖాస్తు పెట్టింది. వాళ్లు మార్కులు అడగలేదు. లైనక్స్ అనే దాంట్లో, నలుగురికీ పనికొచ్చేది ఏదైనా స్వయంగా తయారు చేసి చూపించమన్నారు. శనివారం పదకొండింటికి ఇంటి నుంచే, కంప్యూటర్ తెర వాళ్లకు కనిపించేలా పెట్టి చూపించాలి. ఇది తప్పితే మళ్లీ వచ్చే ఏడాదే. ఈలోగా జిరాక్సు షాపు రోడ్డు వెడల్పులో పోతుందని గీత కూడా గీసి పోయారు.

సరే, చేయడానికి కంప్యూటర్ ఏది? రిపేరు షాపు ఘియాసుద్దీన్ ఒక పాత ల్యాప్‌టాప్ ఇచ్చాడు. ఇస్తూ ఇస్తూ దాని రోగాలన్నీ చెప్పాడు.

"దేఖో బేటీ, బ్యాటరీ ఖతం. వైరు ఉంటేనే నడుస్తది, పీకినవంటే ఠక్కున సచ్చిపోతది. లోపల డిస్కు గుడ ఆఖరి దమ్ము మీదున్నది. దాంట్ల కొత్తది ఏం ఎక్కియ్యకు."

"ఎక్కియ్యకుండ లైనక్స్ ఎట్ల నేర్సుకోవాలె చాచా?"

"గది నువ్వు సూసుకో. నేను మిషన్ ఇచ్చిన, అకల్ గుడ నేనే ఇయ్యాల్నా?"

దానికీ ఒక దారి దొరికించుకుంది మా పిల్ల. కిటికీ కింద బల్ల వేసి, బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టింది. మా గదిలో సిగ్నల్ అందేది కిటికీ గూట్లోనే కనుక ఫోను తెచ్చి అక్కడ పెట్టింది. తెర మీద ఏదో పేజీ తెరిచింది. దాని నడుమ ఒక నల్లటి పలక వచ్చి, దాని నిండా తెల్లటి అక్షరాలు చీమల బారులా పరుగెత్తాయి.

"ఏందే గది, నల్లగ?"

"కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ అవ్వా. చానా చిన్నది. నీ ఫోటో ఒక్కటి పట్టే జాగల ఇది మొత్తం పడ్తది. ఆగు, బూట్ అయితున్నది."

"ఇంట్లకు బూట్లేందే? బయట ఇడువు."

పకపకా నవ్వి, నన్ను పక్కన కూర్చోబెట్టుకొని నిదానంగా చెప్పింది. మామూలుగా అయితే కంప్యూటరును నడిపించేదాన్ని డిస్కులో ఎక్కించాలట. ఇది అలా కాదట. ఇంటర్నెట్ చూసే బ్రౌజర్ ఉంటుంది కదా, దాని లోపలే లేస్తుంది, దాని లోపలే పనిచేస్తుంది, డిస్కును ముట్టుకోనే ముట్టుకోదు. మూసేస్తే ఏ గుర్తూ మిగలకుండా పోతుంది. నాకు వెంటనే అర్థమైంది. తారాబాయి ఇంట్లో మేమున్నట్టే! వండుకుంటాం, తింటాం, పడుకుంటాం, గోడకు మాత్రం మేకు కొట్టకూడదు. పొమ్మన్న నాడు మూట కట్టుకొని పోతే, మేం ఉన్నామన్న గుర్తు కూడా ఉండదు.

"గంతే అవ్వా! కిరాయికున్నట్టే. సూడు, ఇప్పుడు నువ్వెవలని అడుగుతున్నది. రూట్ అని చెప్పాలె."

"ఏ రూటు? అఫ్జల్‌గంజ్ రూటా?"

"బస్సు రూటు గాదు. రూట్ అంటే ఇంటి యజమాని. ఈ డబ్బాల నేనే యజమానిని."

"కిరాయికున్నోళ్లు యజమానులు ఎట్లయితరే?"

"గదే కదా అవ్వా మజా."

ఆ మాట నాకు ఎంత నచ్చిందో! ముప్పై ఏళ్లలో పదకొండు గదులు మారాను. మా వాళ్లలో ఒకరు, ఎంత చిన్నదైతేనేం, ఒక దానికి యజమాని అయ్యారు.

ఇక ఏం తయారు చేయాలి అన్న దగ్గర నేను వచ్చాను. దానికి పోయినేడు ఎండాకాలంలో జరిగిన సంగతి చెప్పాలి. నా దగ్గర రోజూ కంకి కొనే చెన్నయ్యకు మూడుబండల దగ్గర గుండెనొప్పి వచ్చింది. నూటెనిమిది బండికి ఫోను చేసిన వాళ్లు 'మూడుబండల కాడ' అన్నారు. ఇక్కడ అందరూ అలాగే అంటారు మరి. డ్రైవరు ఫోనులో ఆ పేరే లేదు. పాపం, అటూ ఇటూ తిరిగి తిరిగి నా కుంపటి దగ్గర ఆపాడు.

"అవ్వా, మూడుబండలంటే ఏడ? మూడు బండలు ఏడ గుడ కనవడ్తలెవ్వు."

"ఎట్ల కనవడ్తయి బిడ్డా? రెండు పగలగొట్టి రోడ్డుకేసిరి. ఒక్కటే మిగిలింది, పెట్రోల్ బంకు ఎనక."

కంకులు కుంపటి మీదే వదిలేసి డ్రైవరు పక్కన ఎక్కి కూర్చున్నాను. చెన్నయ్య బతికాడు. ఇప్పటికీ వచ్చి కంకి కొంటాడు, పళ్లు లేకపోయినా. కానీ ఆ రోజు నేను అక్కడ లేకపోతే? ఈ మాటే శ్రీలత మనసులో పడింది. ఇక్కడి జనం నోట్లో ఉన్నవి పాత పేర్లు, కళ్లముందు ఉన్నవి కొత్త గోదాములు, పార్కింగులు, హోటళ్లు. పాత పేరు కొడితే ఇప్పుడు అక్కడ ఏముందో చెప్పేది ఒకటి చేస్తానంది. పేర్లు నావి, చేయడం దానిది.

తొమ్మిది రోజులు మిషన్ ఆపకుండానే చేసింది. నేను కంకులు కాలుస్తూ, కూర తరుగుతూ, ఏ పేరు గుర్తొస్తే ఆ పేరు చెప్పేదాన్ని. అది ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకొనేది, ఎందుకంటే ఆ చిన్నదానికి తెలుగు రాదట. తెలుగులో రాస్తే ప్రశ్న గుర్తులు పెడుతుందట.

"తెలుగు రాని దానికి మన తొవ్వలు నేర్పుతున్నవా?"

"నేర్సుకుంటది తీ. నువ్వు గుడ నాకు మాటలు రాకముందే తిట్లు నేర్పినవంట."

పేర్లన్నీ ఏ బీ సీ డీల వరుసలో పెట్టింది. యాభై మూడు అయ్యాయి. మధ్యలో ఆ నల్లపలక తప్పు తప్పంటూ పిల్లను ఎన్నోసార్లు తిట్టింది. ఇది తల పట్టుకొని కూర్చునేది, మళ్లీ కొట్టేది. తప్పులన్నీ పోయి అది సరిగ్గా జవాబు చెప్పిన రోజు గురువారం. అన్నీ నోటుబుక్కులో ఎక్కించుకోమని నేను అనలేదు, నాకేం తెలుసు? ఎక్కించుకోవాలని దానికి తెలుసు, కానీ శుక్రవారం షాపు నుంచి వచ్చాక తీరిగ్గా రాసుకుంటాననుకుంది.

గురువారం సాయంత్రం నాకు జాగ్రత్తలు చెప్పింది.

"అవ్వా, శనివారం పదకొండింటి దాకా ఈ ట్యాబ్ బంద్ చెయ్యద్దు. ఏమైనా గానీ."

"నేనెందుకు బంద్ చేస్తనే? డాక్టరు సచ్చేదాక ఏసుకొమ్మన్నడు. పొద్దుగాల్నే ఏసుకున్న."

అది నా ముఖం చూసింది. నేను చూపిస్తున్న బీపీ గోలీల డబ్బా చూసింది. మళ్లీ నవ్వు. "సరే, నీకు సమజయ్యేటట్టు అచ్చ తెలుగుల చెప్త" అని నా గదవ పట్టుకొని, ఒక్కో మాట విడదీసి చెప్పింది:

"శనివారం దాకా కిటికీ ముయ్యకు. కిటికీ మూసినవంటే మొత్తం పోతది. సమజైందా?"

ఎందుకు సమజు కాదు? ఫోను పెట్టేది కిటికీ గూట్లో. నెట్టు వచ్చేది కిటికీలోంచి. కిటికీ మూస్తే నెట్టు తెగి, లోపల ఉన్నదంతా పోతుంది. ఇంత చిన్న విషయానికి అంత విడమరచి చెప్పాలా అనుకున్నాను.

శుక్రవారం పొద్దున్న శ్రీలత షాపుకు పోయింది. శోభ రాత్రి షిఫ్టు చేసి వచ్చి, ఇంకెవరిదో డ్యూటీ కూడా మీద పడితే మళ్లీ పోయి, శనివారం మధ్యాహ్నానికి గానీ ఇంటికి రాలేదు. నేను కిటికీకి కాపలా కూర్చున్నాను. లారీలు పోతుంటే దుమ్ము లేచి అన్నం గిన్నె మీద పడింది. పడనీ అన్నాను. నల్లపలక మీద ఆ చిన్న గీత టిక్కు టిక్కుమని ఆరుతూ వెలుగుతూ ఉంది. 'ఉన్నావా, ఉండు నాయనా' అనుకున్నాను.

పన్నెండు దాటాక పడమట మబ్బు కమ్మింది. గాలి, వెంటనే వాన. మా కిటికీకి పడమటి వానంటే పడదు, తిన్నగా లోపలికే కొడుతుంది. పైనుంచి తారాబాయి కేక వేసింది.

"ఈరమ్మా! కిటికీ ముయ్యి! గోడ నానుతది!"

"ముయ్యద్దన్నది!"

"ఎవలు?"

"మా పోరి! ముయ్యంగనే కంప్యూటర్‌ల ఉన్నదంత పోతదట!"

"నా గోడ పోతే మీ పోరి కట్టిస్తదా?"

"ఉద్యోగమొస్తే కట్టిస్తది తీ!"

కంకుల గోనెసంచి తెచ్చి కిటికీకి అడ్డం కట్టబోయాను. మళ్లీ అనుమానం వచ్చింది. గోనె కడితే మూసినట్టా, తెరిచినట్టా? తీసేశాను. గొడుగు విప్పి బల్ల మీద పట్టాను. గాలికి గొడుగు తిరగబడింది. నీళ్లు బల్ల మీదికి, బల్ల మీంచి వైర్ల పెట్టె వైపు పాకాయి. అప్పుడు భయం వేసింది. కరెంటు, నీళ్లు కలిస్తే ఏమవుతుందో చదువు లేకపోయినా తెలుసు. మిషన్ తడిస్తే ఘియాసుద్దీన్‌కు ఏం జవాబు చెప్పాలి? ఒక్క ఊపున వైరు పీకాను. ల్యాప్‌టాప్ మూసి, కొంగులో చుట్టి, కడుపుకు అదుముకొని గది మూలకు పోయి కూర్చున్నాను. కిటికీ మాత్రం అలాగే తెరిచి ఉంచాను. వాన లోపలికి కొడుతూనే ఉంది. నా ముఖం మీదికి కూడా జల్లు వచ్చింది. అయినా ముయ్యలేదు.

రెండున్నరకు శ్రీలత తడిసి ముద్దై వచ్చింది. గదిలో పాదం మునిగేన్ని నీళ్లు. చాప తేలుతోంది. నేను మూలనుంచే గొప్పగా చెప్పాను:

"కిటికీ ముయ్యలే బిడ్డా! తారాబాయి ఎంత మొత్తుకున్నా ముయ్యలే. మిషన్ మీద గుడ ఒక్క సుక్క పడనియ్యలే, సూడు!"

అది కిటికీ వైపు చూసింది. బల్ల మీద వేలాడుతున్న వైరు చూసింది. నా ఒడిలో మూట చూసింది. తడి మంచం మీద అలాగే కూర్చుండిపోయింది.

"అవ్వా... ఈ కిటికీ గాదు."

"మరి ఏ కిటికీ?"

"లోపలి కిటికీ. తెర మీది నల్లపలక. దాన్ని ఇంగ్లీషుల విండో అంటరు. నీకు సమజు గావాల్నని నేనే కిటికీ అన్న."

"మరి వైరు..."

"వైరు పీకితే మిషన్ బంద్. మిషన్ బంద్ అయితే లోపలి కిటికీ గుడ బంద్."

తొమ్మిది రోజులు అది తల పట్టుకొని కూర్చున్న ప్రతి సాయంత్రం కళ్లముందు తిరిగింది. తిట్టినా బాగుండేది. అది తిట్టలేదు. లేచి ముందు గది కిటికీ మూసింది. తువ్వాల తెచ్చి నా తల తుడిచింది. తుడుస్తూ తుడుస్తూ ఒక్కసారి వెక్కింది. అది ఏడుపో నవ్వో నాకు ఇప్పటికీ తెలియదు.

"తప్పు నీది గాదవ్వా. రాసి పెట్టుకోకపోవుడు నా తప్పు. నీకు కిటికీ అని చెప్పుడు గుడ నా తప్పే."

ఘియాసుద్దీన్‌కు ఫోను చేస్తే, "తడవలేదంటున్నవ్ గదా, అయినా రేపు పొద్దుగాల దాకా షురూ చెయ్యకు, జర ఆరనియ్యి" అన్నాడు. షురూ చేద్దామన్నా కరెంటే లేదు, వానకు పోయింది. శనివారం పదకొండు గంటలు మాత్రం ఎక్కడికీ పోలేదు. వస్తూనే ఉంది.

చీకటి పడకముందే శ్రీలత నోటుబుక్కు తీసింది. "మిషన్ పని నాకు యాదికున్నది, రేపు పొద్దుగాల కొడ్త. పేర్లు గావాలె. ఏ తోటి మొదలయ్యేటివి చెప్పు అవ్వా" అంది.

చెప్పబోయాను. ఒక్కటీ రాలేదు. బీ తో అంది. రాలేదు. నా బుర్రలో ఏ బీ సీ డీలు లేవు కదా! తొమ్మిది రోజులు కంకి కాల్చినంత సులువుగా చెప్పిన పేర్లు, అవసరానికి ఎక్కడ దాక్కున్నాయి?

"అట్ల గాదు బిడ్డా. నన్ను నడవనియ్యి."

"ఏడికి?"

"ఏడికీ పోను. ఈడ్నే కూసోని నడుస్త."

కళ్లు మూసుకున్నాను. పదేళ్ల పిల్లనప్పుడు పెరుగు కుండ నెత్తిన పెట్టుకొని మా అమ్మ వెనక నడిచేదాన్ని. ఆ దారిలో పడ్డాను. తొండుపల్లి దగ్గర మొదలుపెట్టాను. ఉప్పరోళ్ల బాయి, ఇప్పుడు టైర్ల షాపు. అది దాటితే మూడుబండలు. అమ్మ అక్కడ కుండ దించి దమ్ము తీసుకొనేది. దాని తర్వాత గొల్లోళ్ల కొట్టం, ఇప్పుడు హోటల్ పిల్లలుండే హాస్టల్. ఎడమకు తిరిగితే సున్నంబట్టి. పాదాలు నేల మీద ఆడుతున్నాయని శ్రీలత తర్వాత చెప్పింది. అది నడుమ ఏదైనా అడిగితే ఆ సందు మొదటికి పోయి మళ్లీ నడవాల్సి వచ్చేది.

"కొట్టం స్పెల్లింగు ఎట్ల..."

"ఆగవే! ఇగ సూడు, కుండ కింద పడ్డది. మళ్ల బండల కాడికెళ్లి రావాలె."

"సరే సరే, ఇగ అడుగను తల్లీ, నడువు!"

వానకు ఆగిపోయి పైమెట్ల మీద కూర్చున్న తారాబాయి కూడా వింటోంది. "ఈరమ్మా, సున్నంబట్టి ఎనక కుమ్మరోళ్ల ఆవం ఉండె గదా, దాన్ని ఇడిసిపెట్టినవ్!" అని అరిచింది. నిజమే, విడిచిపెట్టాను. గోడ కోపం అప్పటికి పోయినట్టుంది. దీపం పెట్టే వేళకు నడక ముగిసింది. శ్రీలత లెక్కపెట్టింది. అరవై ఒకటి. మొదటిసారి చెప్పిన దానికంటే ఎనిమిది ఎక్కువ!

శనివారం పొద్దున్న ఆరున్నరకు కరెంటు వచ్చింది. మిషన్ మూలిగి లేచింది. ఫోను గూట్లో పెట్టింది. చీమల బారు పరుగెత్తింది. 'నువ్వెవరు' అంది. రూట్ అంది మా పిల్ల. యజమాని మళ్లీ ఇంట్లోకి వచ్చింది, ఇల్లు ఖాళీ. మొదటి నుంచి మొదలు.

వింతేమిటంటే, తొమ్మిది రోజుల పని నాలుగు గంటల్లో అయిపోయింది. పోయినసారి ప్రతి మలుపులో తప్పిపోయి వచ్చింది కదా, ఈసారి ఆ దారులన్నీ దానికి తెలుసు. పోయినసారి పేర్లను, వెతికే పనిని కలిపి ఒకే ముద్ద చేసిందట. ఈసారి పేర్లు ఒక పక్క, వెతికేది ఒక పక్క పెట్టింది. వెతికేది పది వరుసలు కూడా లేదు. పదిన్నరకు మూడుబండలని కొట్టి చూసింది. పెట్రోల్ బంకు వెనక అని జవాబు వచ్చింది. హమ్మయ్య అన్నాను.

అది మాత్రం హమ్మయ్య అనలేదు. నోటుబుక్కు వైపు, తెర వైపు మార్చి మార్చి చూస్తోంది.

"అవ్వా, నువ్వు పేర్లు ఏ వరుసల చెప్పినవ్?"

"నడిసిన వరుసల."

"అంటే మూడుబండల పైనున్న పేరు..."

"దాని ముందొచ్చేది. కిందున్నది దాని తర్వాతొచ్చేది. ఇంకెట్లుంటది?"

శ్రీలత వంగి, ఇంకొక అక్షరం, ఇంకొక అంకె కలిపింది. మళ్లీ మూడుబండలు కొట్టింది. ఈసారి మూడు వరుసలు వచ్చాయి. ఉప్పరోళ్ల బాయి, టైర్ల షాపు. మూడుబండలు, బంకు వెనక. గొల్లోళ్ల కొట్టం, హాస్టల్ సందు.

"సూడవ్వా! దొరికిన దానికి ముందొకటి, ఎనకొకటి గుడ చూపియ్యమన్న. ఇగ తొవ్వ మొత్తం చెప్తున్నది! టైర్ల షాపు దాటినంక, హాస్టల్ రాకముందు. డ్రైవర్లకు ఇంకేం గావాలె? ఏ బీ సీ డీల పెడితే గిట్ల వచ్చేదే గాదు."

పదకొండింటికి తెర మీద ఒక సారు ముఖం వచ్చింది. పేరు రాఘవేందర్ అట. కళ్లద్దాలు, మెడలో తాడుకు కార్డు. నేను కనపడకుండా గోనెసంచి మీద కూర్చున్నాను. నోరు తెరవనని ఒట్టు కూడా పెట్టాను.

ఆయన ఐదారు పేర్లు కొట్టించాడు. అన్నింటికీ జవాబు వచ్చింది. తర్వాత కొంచెం నవ్వి, "నాది మామిడిపల్లి అమ్మా. మా తాత మాటిమాటికి 'దొడ్డి కాడికి పోయొస్తా' అనేవారు. దొడ్డి అని కొట్టు చూద్దాం" అన్నాడు.

కొట్టింది. ఏమీ రాలేదు. శ్రీలత వేళ్లు ఆగిపోయాయి. నా ఒట్టు అక్కడితో తీరిపోయింది.

"గది బందెలదొడ్డి సారూ! పరాయి చేన్ల పడ్డ పశువులను కట్టేసేటోళ్లు. సున్నంబట్టి దాటి కుమ్మరోళ్ల ఆవం, దాని తర్వాత బందెలదొడ్డి. ఇప్పుడు గాడ లారీల కాంటా ఉన్నది. నిన్న నడిచేటప్పుడు తారాబాయి ఆవం అని అరిస్తే, నేను గడబిడల దొడ్డి దాటేసిన!"

"ఎవరమ్మా అది?" అన్నాడు సారు.

శ్రీలత ముఖం ఎర్రబడింది. "మా అవ్వ సార్. పేర్లన్నీ అవ్వే చెప్పింది" అని, చెబుతూనే ఆ వరుసను ఆవం కింద చేర్చింది. మళ్లీ దొడ్డి అని కొట్టింది. కుమ్మరోళ్ల ఆవం, బందెలదొడ్డి, దాని తర్వాతి మలుపు, మూడూ వచ్చాయి. సారు ముందుకు వంగి చాలాసేపు చూశాడు. తాతను చూసినట్టు చూశాడు.

"ఇంత తేలిగ్గా చేర్చగలిగావే. పేర్లు విడిగా పెట్టావన్నమాట. ముందే అలా అనుకున్నావా?"

అబద్ధం చెప్పొచ్చు. ఎవరికి తెలుస్తుంది? మా పిల్ల చెప్పలేదు.

"లేదు సార్. ముందు అన్నీ కలిపే చేసిన. నిన్న మధ్యాహ్నం మిషన్ ఆగిపోయి మొత్తం పోయింది. రాసి పెట్టుకోలేదు. అవ్వ నడిచిన వరుసల మళ్లీ చెప్పింది. అప్పుడు పేర్లు వేరే ఉండాలని నాకు సమజైంది."

"మొత్తం ఈ పొద్దునే చేశావా?"

"ఆరున్నరకు కరెంటొచ్చింది సార్. అప్పటినుంచి."

సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మా దగ్గర రోజూ ఏదో ఒకటి ఆగిపోతూనే ఉంటుందమ్మా. ఆగిపోకుండా చేసేవాళ్లు ఎవరూ లేరు. పోయిన తర్వాత ఏం చేస్తారన్నదే నేను చూస్తాను. సోమవారం తొమ్మిదిన్నరకు సర్టిఫికెట్లు తీసుకొని రా. మూడు నెలలు నేర్పిస్తాం. ఆ తర్వాతి సంగతి నీ పనిని బట్టి." కొంచెం ఆగి, "ఆ నల్ల తెర కింద ఒక బొత్తం ఉంది, చూశావా? ఉన్నదున్నట్టు దాచిపెట్టుకొనే బొత్తం" అన్నాడు.

శ్రీలత కిందికి జరిపి చూసింది. ఉంది! తొమ్మిది రోజులూ అక్కడే ఉంది! నొక్కితే, ఆ చిన్న మిషన్ ఎలా ఉన్నదో అలా, పేర్లతో సహా, ఒక మూటై వచ్చింది. దాన్ని తన ఫోనులోకి పంపుకుంది, ఘియాసుద్దీన్ ఫోనుకూ పంపింది. మూట కట్టుకొని పోవడం మాకు కొత్తా ఏమిటి? మూట చేతిలో ఉంటే ఏ గదిలోనైనా దించుకొని పొయ్యి వెలిగించుకోవచ్చు.

సారు ముఖం పోయాక శ్రీలత నన్ను గట్టిగా పట్టుకొని ఊపింది. పైనుంచి తారాబాయి, "ఏమైందే, గోడ కట్టిస్తరా లేదా?" అని అడిగింది. మబ్బు మళ్లీ పడమటి నుంచే వస్తోంది.

"అవ్వా, ఇగ కిటికీ ముయ్యి" అంది శ్రీలత.

నేను లేవలేదు. దెబ్బ తిన్నదాన్ని కదా.

"ఏ కిటికీ?"

అది నా చూపుడువేలు పట్టుకొని తెర పక్కకు తెచ్చి, మూలన ఉన్న చిన్న కొట్టివేత గుర్తు చూపించింది. బాణం గుర్తును దాని మీదికి జరిపి, కింది మీట నా వేలితోనే నొక్కించింది. నల్లపలక చడీచప్పుడు లేకుండా పోయింది. వేలు గబుక్కున వెనక్కి లాక్కున్నాను, అలవాటు లేక. వెంటనే ఫోనులో ఉన్న మూట గుర్తుకొచ్చింది.

తర్వాత లేచి, గది కిటికీ కూడా మూశాను. ఆ వాన పడి వెలిసే దాకా ఆగి, కంకులు తడవకుండా గోనెసంచి కప్పి, కుంపటి ఎత్తుకున్నాను. నాలుగు కావస్తోంది. చెన్నయ్య వచ్చే వేళ.